భారత మహిళల ఐస్ హాకీ జట్టు

అంతర్జాతీయ ఐస్ హాకీలో భారత్ తరఫున ఆడే మహిళల జట్టు ఇది. ఇందులో ఎక్కువ మంది లద్దాఖ్ అమ్మాయిలు. 2016లో తైపీలో జరిగిన ఆసియా ఛాలెంజ్ కప్‌తో తొలిసారి అంతర్జాతీయ బరిలోకి దిగి, ఆ టోర్నీలో ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడిపోయింది.

ఆ ఓటములకు కారణం ప్రతిభ లేకపోవడం కాదు, మంచు లేకపోవడం. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో చలికాలంలో గడ్డకట్టిన చెరువులే అప్పట్లో వీరి మైదానాలు. రాత్రిపూట నీళ్లు చల్లి మంచును నున్నగా చేసుకోవాల్సి వచ్చేది, ఎండకు అది కరిగేలోపే సాధన ముగించుకోవాల్సి వచ్చేది. ఏడాదిలో దొరికేది మహా అయితే రెండు నెలలు. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన ఇండోర్ రింక్ ఏళ్ల తరబడి మూతపడే ఉండిపోయింది. దేశానికి ఆడే పిల్లలకు ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది? స్కేట్లు, ప్యాడ్లు కూడా చాలాకాలం మగవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నవే.

ప్రయాణ ఖర్చులకు ప్రజల నుంచి చందాలు పోగుచేసుకుని 2017లో అదే కప్ ఆడటానికి బ్యాంకాక్ వెళ్లారు. అక్కడ ఫిలిప్పీన్స్‌పై 4-3తో తొలి విజయం దక్కింది. తర్వాత మలేషియానూ ఓడించారు.

2018 జనవరిలో కెనడా ఐస్ హాకీ దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ లద్దాఖ్ వచ్చి అమ్మాయిలకు శిక్షణ ఇచ్చింది. గోల్‌కీపర్ నూర్ జహాన్ వంటి సీనియర్లు ఊళ్లలో చిన్నపిల్లలకు ఆట నేర్పుతూ జట్టుకు కొత్తతరాన్ని తయారుచేశారు.

2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో జట్టు కాంస్యం గెలిచింది. ఆసియా కప్‌లో దానికి అదే తొలి పతకం.