అవక్షేపము

'క్షిప్' ధాతువునకు విసరుట యని అర్థము. దానికి 'అవ' యను ఉపసర్గ చేరగా, క్రిందికి విసరివేయబడినదను భావముతో, రసాయనశాస్త్రమున 'అవక్షేపము' నిలిచినది. లాటినున దీని జోడుమాటకు తలక్రిందులుగా త్రోయుట యని అర్థము. పేరు చక్కనిదే కాని, విసరువాడెవ్వడన్న ప్రశ్నకు అది బదులు చెప్పదు.

తేటయైన ఉప్పునీటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణమును ఒక్క బొట్టు విడిచినచో, విరిగిన పాలవంటి తెల్లని సిల్వర్ క్లోరైడు ముద్ద అక్కడికక్కడే పుట్టి, మెల్లగా అడుగునకు దిగి, వెలుతురు సోకినకొలది ఊదావన్నెకు తిరుగును. 25 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో లీటరు నీరు సుమారు 2 మిల్లీగ్రాముల సిల్వర్ క్లోరైడును మాత్రమే తనలో నిలుపుకొనగలదు. వెండి అయానుల గాఢతను క్లోరైడు అయానుల గాఢతతో గుణింపగా వచ్చు లబ్ధము, ఆ లవణమునకు నియతమైన ద్రావణీయతా లబ్ధమును మించిననే గాని ఘనపదార్థము వెలికి రాదు. రెండు ద్రావణములను మిక్కిలి పలుచన చేసి కలిపితిమా, నీరు తేటగనే యుండును. ఉప్పు ఇంచుక ఎక్కువైనచో వెండి మరింత పూర్తిగా దిగును. మితిమీరిన గాఢతగల ఉప్పునీటిలో మాత్రము, విచిత్రముగా, ఆ ముద్దయే సంక్లిష్ట అయానులుగా మారి కొంత తిరిగి కరగును. ఇక 'క్రిందికి' అన్న ఉపసర్గయు అన్నివేళల నిజము కాదు: అతిసూక్ష్మ కణములు గంటలతరబడి అడుగంటక, ద్రావణమును మసకగా నుంచుటయు కలదు.