సీతమ్మవారి పచ్చబుగ్గ

1987లో రామాయణం సీరియల్ వచ్చే రోజులు. ఒక ఆదివారం పొద్దున్న టీవీ పెట్టగానే సీతమ్మవారి ఒక బుగ్గ ఆకుపచ్చగా, ఆ పక్కనున్న రాములవారి భుజం గులాబీరంగుగా కనిపించాయి. మా అత్తగారు దిష్టి అన్నారు. నేను మాత్రం మా పెద్దవాడు మీటలు తిప్పేశాడనుకుని వాడి వీపు మీద రెండు వేశాను. "నేను కాదమ్మా" అంటున్నా విన్లేదు.

అసలు దొంగ టీవీ పక్కనే కూర్చుంది. ముందురోజు మావారు ముచ్చటపడి తెచ్చిన స్పీకరు పెట్టె!

స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. ఆ పాత టీవీ గాజు గొట్టంలోనేమో ఎలక్ట్రాన్ల ధార తెరకేసి దూసుకొస్తుంది. 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్రౌన్ ఈ గొట్టాన్ని తయారుచేసినప్పుడు, ఆ ధారని తీగచుట్ట అయస్కాంతంతోనే పక్కకి నడిపించాడు. అంటే టీవీకి సొంత అయస్కాంతం లేనిదే గడవదు, పరాయి అయస్కాంతం పొడ గిట్టదు. ఇక కలర్ టీవీలో మూడు ధారలు. తెర వెనక సన్న చిల్లుల రేకులోంచి దూరి, ఎరుపు ధార ఎరుపు చుక్క మీదే పడాలి. కాస్త పక్కకి తొలిగిందా, బుగ్గ పచ్చనే!

మరి అడ్డం పెట్టేదెలా? చెక్కా, అద్దం, ప్లాస్టిక్కూ అయస్కాంతానికి లెక్కలేదు. నిజానికి దాన్ని ఆపలేం, దారి మళ్లించగలం. వానకి తూము పెట్టినట్టు, అది ఇష్టంగా పారే లోహాన్ని చుట్టూ పెడితే అందులోంచే పోతుంది. అలాంటి లోహాల్లో మేటి మ్యూమెటల్. ముప్పాతిక వంతు పైగా నికెల్, మిగతాది చాలావరకు ఇనుము. 1923లో ఇంగ్లండులో స్మిత్, గార్నెట్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టింది సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగల కోసం. తర్వాత ప్రయోగశాలల్లోని ఆసిలోస్కోపు గొట్టాలకి తొడుగయింది. మహా సుకుమారం దానికి! కిందపడ్డా, వంచినా గుణం తగ్గిపోతుంది. మళ్లీ కొలిమిలో కాచి నిదానంగా చల్లార్చాలి. మన ఇళ్లలోని టీవీలకి అంత ఖరీదు పెట్టలేదు, గొట్టం లోపల మామూలు ఉక్కురేకుతో సరిపెట్టారు.

స్పీకరు తీసేసినా మా మచ్చ పోలేదు. చిల్లుల రేకుకే అయస్కాంతగుణం పట్టేసిందట. మెకానిక్ ఒక పెద్ద తీగచుట్ట తెచ్చి, కరెంటు పెట్టి, హారతి ఇస్తున్నట్టు తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వెనక్కి నడిచాడు. మచ్చ మాయం! దీన్ని డీగాసింగ్ అంటారని చెప్పాడు.

ఆ మాట యుద్ధంలో పుట్టింది. 1939లో జర్మన్లు సముద్రంలో వేసిన మందుపాతరలు, పైనుంచి వెళ్లే ఉక్కు ఓడల అయస్కాంతగుణాన్ని పసిగట్టి పేలేవి. నవంబరులో ఒకటి షూబరీనెస్ దగ్గర బురదలో పేలకుండా దొరికింది. బ్రిటిష్ నౌకాదళం వాళ్లు దాన్ని విప్పి చూసి కిటుకు పట్టారు. తర్వాత గుడీవ్ అనే ఆయన బృందం, కరెంటు పారే లావుపాటి తీగని ఓడ పక్కల వెంట పైకీ కిందకీ లాగి ఆ గుణాన్ని తుడిచేసింది. అలా తుడిపించుకున్న ఓడలే 1940లో డన్‌కర్క్ నుంచి సైనికుల్ని తెచ్చాయి. గౌస్ మాత్రం జర్మన్ గణితవేత్త! అయస్కాంత బలానికి కొలతగా ఉన్న ఆయన పేరునే ఈ పనికీ పెట్టుకున్నారు.

మెకానిక్ వెళ్లాక మా పెద్దవాడు నాకేసి అలా చూస్తూ నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తోచలేదు. మర్నాడు వాడికిష్టమని సున్నుండలు చేశాను. ఇప్పుడు వాడికీ పిల్లలున్నారు. టీవీ ఏమో గోడకి పటంలా వేలాడుతోంది, పక్కన ఏ స్పీకరు పెట్టినా రంగు మారదు. అయినా వాడొచ్చినప్పుడల్లా దాన్ని చూసి, "అమ్మా, ఆ రెండు దెబ్బలూ బాకీ" అంటాడు.