గడియారం ఉన్న ఊరు

వీడియో గేముకి చరిత్ర ఏమిటని నవ్వకండి. ఇరవై ఏళ్ళకు పైబడిన ఈ కన్సల్టెంట్ ఉద్యోగంలో చాలా ప్రోగ్రాములు చూశాను, కొన్ని పాడుచేశాను కూడా. ఇల్లు వదిలిపోయినవాడి బెంగలోంచి పుట్టిన ప్రోగ్రాము మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే.

కట్సుయా ఎగుచి అనే జపనీయుడు ఛీబా నుంచి క్యోటో వెళ్ళి నింటెండోలో ఉద్యోగానికి చేరాడు. కుటుంబం, స్నేహితులు వెనకే ఉండిపోయారు. అయినవాళ్ళ పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఎంత విలువైనదో అప్పుడు తెలిసిందని తరవాత చెప్పుకున్నాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయేది. ఇంట్లోవాళ్ళూ గేములు ఆడేవారు, తనూ ఆడేవాడు, కానీ కలిసి ఆడింది లేదు. వేరువేరు వేళల్లో వచ్చేవాళ్ళయినా ఒకే ఊళ్ళో కాపురం ఉంటేనో?

అలాంటి ఊరికి గడియారం కావాలి. మొదట దీన్ని నింటెండో 64కి తగిలించే 64డీడీ అనే డిస్కు పరికరం కోసం తలపెట్టారు. అందులో గడియారం ఉంది. ఆ పరికరం బజారులో నిలవలేదు. ఊరుకోకుండా గేము కార్ట్రిడ్జిలోనే గడియారం పెట్టి, 2001 ఏప్రిల్ 14న జపాన్‌లో విడుదల చేశారు. పేరు 'దోబుత్సు నో మోరి', అంటే జంతువుల అడవి. అమెరికాకి 2002లో గేమ్‌క్యూబ్ మీద 'యానిమల్ క్రాసింగ్' అయి వచ్చింది. బయట రాత్రయితే అక్కడా రాత్రే, ఇక్కడ మంచు పడే కాలంలో అక్కడా మంచే. శత్రువులు లేరు, గెలుపూ లేదు. చేపలు పట్టుకోవడం, గడ్డి పీకడం, ఇరుగుపొరుగు జంతువులతో ముచ్చట్లు, ఉత్తరాలు, అంతే.

మా ఇంటికి అది వచ్చింది 2008 నవంబరులో, 'సిటీ ఫోక్' పేరుతో, వీ అనే యంత్రం మీద. 2006లో 250 డాలర్లకు వచ్చిన ఆ వీ, చివరికి పదికోట్లకు పైగా అమ్ముడయింది. రిమోటులో మూడు దిక్కుల కదలికనూ పసిగట్టే చిప్పు ఉంటుంది. టీవీ మీద పెట్టే పట్టీని సెన్సర్ బార్ అంటారు గాని, అది దేన్నీ చూడదు. అందులో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ దీపాలే. కెమెరా రిమోటు కొసన ఉంటుంది. పట్టీ బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించినా పనైపోతుంది (నేను చేసి చూశాను, మావిడ చేత చీవాట్లు తిన్నాను). గాలం వెయ్యడానికి నిజంగానే చెయ్యి విసరొచ్చు. బెండు మునగ్గానే పైకి లాగాలి.

లేమన్ బ్రదర్స్ దివాలా తీసి అప్పటికి రెండు నెలలు. నా ఉద్యోగం మిగిలింది గాని, సోమవారం తెల్లవారుజామున నెవార్క్‌లో విమానమెక్కి కొలంబస్ పోవడం, గురువారం అర్ధరాత్రికి ఇల్లు చేరడం. ఆ చలికాలం మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. గేములో టామ్ నుక్ అనే షావుకారు ఇంటికి అప్పిస్తాడు. వడ్డీ లేదు, గడువు లేదు. "అలాంటివాడు మనూళ్ళో ఒక్కడైనా ఉంటే బావుండేదిరా!" అంది అమ్మ.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. సాయంత్రం తను ఆడేది, గురువారం రాత్రి నేను వెళ్ళేవాణ్ణి. ఆ ఊరి తపాలాపెట్టెలో నాకు ఉత్తరాలుండేవి. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో, స్క్రీన్ మీది కీబోర్డుతో ఒక్కో అక్షరం నొక్కి రాసేది: "నాన్నా, నీకు పీచ్ పండు పెట్టాను. చేప పట్టావా?" నేనూ జవాబు రాసి టౌన్‌హాల్లో పెలికాన్ చేతికి ఇచ్చేవాణ్ణి. ఇచ్చిన వెంటనే చేరదు, బట్వాడా వేళ దాకా ఆగాలి. ఇన్‌లాండు కవర్ల కాలం నాటివాణ్ణి, నాకది ఇబ్బందనిపించలేదు.

రెండేళ్ళకు ప్రాజెక్టు మారింది, నేను వెళ్ళడం మానేశాను. స్నేహితుల ఊళ్ళకు పోయే ఆన్‌లైన్ సేవ 2014 మే 20న ఆగిపోయింది. 2020 మార్చి 20న, లాక్‌డౌన్ల వేళ, కొత్త యానిమల్ క్రాసింగ్ వచ్చినప్పుడు లోకమంతా దాంట్లో కాపురం పెట్టింది. కాలేజీ మూసేసి ఇంటికొచ్చిన మా అమ్మాయి తన గదిలో తన స్నేహితులతో ఆడుకుంది.

మొన్న బేస్‌మెంట్ సర్దుతుంటే పాత వీ దొరికింది. లోపలి నాణెం బ్యాటరీ అయిపోయి, తేదీ 2000 జనవరి 1 చూపించింది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, ఊళ్ళోకి వెళ్ళాను. ఎక్కడ చూసినా గడ్డే. నా తపాలాపెట్టెలో తెరవని ఉత్తరం ఒకటుంది.

"నాన్నా, నువ్వు రావట్లేదు. నీ పూలకి నేనే నీళ్ళు పోస్తున్నాను."

అమ్మాయికిప్పుడు సియాటిల్లో ఉద్యోగం. ఫోన్ చేద్దామనుకుని, ముందు జవాబు రాసి టౌన్‌హాల్‌కి తీసుకెళ్ళాను. రాత్రి డ్యూటీ ఫిలిస్‌ది. పగలుండే పెల్లీకున్న మర్యాద దీనికి లేదు. విసుక్కుంటూనే తీసుకుంది.