రాజ్యానికి ఎదురుగా ఒక గాయని

అది 1949. యుద్ధం ముగిసి నాలుగేళ్లయింది. పోలండ్‌లో ఒక పాడుబడ్డ దివాణంలో జానపద కళాబృందానికి గాయనీగాయకుల్ని ఎంపిక చేస్తున్నారు. ఊళ్ల నుంచి వచ్చిన యువతీయువకులు తమ వంతు కోసం కాచుకుని ఉన్నారు. వాళ్లలో జూలా అనే అమ్మాయికి తనదంటూ పాట సిద్ధంగా లేదు. పక్కనున్న పిల్ల పాడబోయే పాటలోనే గొంతు కలిపేస్తుంది. ఇంకోటి పాడమంటే పల్లెపాటను పక్కన పెట్టి రష్యన్ సినిమా పాట అందుకుంటుంది. తండ్రిని కత్తితో పొడిచిన కేసు కూడా ఆమె మీద ఉంది. అయినా సంగీత దర్శకుడు విక్టర్ చూపు ఆమెను వదలదు.

2018లో వచ్చిన 'కోల్డ్ వార్' చిత్రంలోని సన్నివేశమిది. జూలాగా నటించిన యోవాన్నా కూలిగ్ అప్పటికి పదేళ్లకు పైగా నాటకాల్లో, సినిమాల్లో పనిచేస్తున్నా పోలండ్ బయట ఆమెను ఎరిగినవాళ్లు తక్కువ. ఈ ఒక్క చిత్రంతో యూరప్ అంతా ఆమె వైపు తిరిగింది. ఆ ఏడాది యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి ఆమే. ఈ విజయం రాత్రికి రాత్రి వచ్చింది కాదు. దాని వెనక ఒక సినిమా బడి ఉంది, సెన్సారుతో సాగిన పెనుగులాట ఉంది, ఒక చట్టం ఉంది. అంతకు మించి, పోలిష్ సినిమా తన నాయికల్ని తరం తర్వాత తరం అడుగుతూ వచ్చిన ఒక ప్రశ్న ఉంది: రాజ్యం నీ ఎదుట కూర్చుని సంతకం పెట్టమన్నప్పుడు నువ్వేం చేశావు?

మిగిలిన నగరంలో మొలిచిన బడి

రెండో ప్రపంచ యుద్ధంలో రాజధాని వార్సా నేలమట్టమైంది. బట్టల మిల్లుల నగరం వూచ్ మాత్రం చాలావరకు నిలబడింది. అందుకే యుద్ధం తర్వాత సినిమా పరిశ్రమ అక్కడికి చేరింది. 1948లో అక్కడే జాతీయ ఫిల్మ్ స్కూల్ మొదలైంది. ఆంజెయ్ వైదా, ఆంజెయ్ ముంక్, రోమన్ పొలాన్‌స్కీ, క్రిస్టోఫ్ జనూసీ, క్రిస్టోఫ్ కీష్లోవ్‌స్కీ అందరూ ఆ బడిలో చదివినవాళ్లే. బయట జనానికి అందని విదేశీ చిత్రాలు లోపల విద్యార్థులకు చూపించేవారు.

1955లో మరో ఏర్పాటు జరిగింది. ఫిల్మ్ యూనిట్లు పుట్టాయి. డబ్బు ప్రభుత్వానిదే. ఏ కథను సినిమాగా తీయాలన్న తొలి తీర్పు మాత్రం యూనిట్‌కు పెద్దగా ఉన్న కళాకారుడిది. ఆఖరి మాట సెన్సారుదే అయినా, మధ్యలో దర్శకుడికి అండగా నిలిచే ఒక గూడు దొరికింది. 1944 వార్సా తిరుగుబాటులో ఓడిపోయి మురుగు కాలువల్లోంచి పారిపోయిన యోధుల కథతో వైదా తీసిన 'కనాల్' ఈ వాతావరణంలో పుట్టినదే. 1957లో కాన్ చిత్రోత్సవంలో దానికి ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది.

సంతకం పెట్టని స్త్రీ

పోలిష్ తెర మీద స్త్రీ రాజ్యంతో నేరుగా తలపడ్డ ఘట్టం వైదా తీసిన 'మ్యాన్ ఆఫ్ మార్బుల్'తో వచ్చింది. ఈ కథ 1960ల మొదట్లోనే రాసి ఉన్నా తెరకెక్కడానికి పదేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. చివరికి 1977లో విడుదలైంది. ఆగ్నియెష్కా అనే సినిమా విద్యార్థిని తన డిప్లొమా చిత్రం కోసం స్టాలిన్ కాలపు కార్మిక వీరుడైన ఒక తాపీమేస్త్రీ గతాన్ని తవ్వడం మొదలుపెడుతుంది. ఒకప్పుడు అతని పాలరాతి విగ్రహాలు చెక్కించిన ప్రభుత్వమే తర్వాత అతన్ని జనం జ్ఞాపకంలోంచి తుడిచేసింది. ఆమె మ్యూజియం నేలమాళిగల్లో వెతుకుతుంది, పాత న్యూస్‌రీళ్లు తిరగేస్తుంది, నోరు విప్పని మనుషుల వెంటపడుతుంది. జీన్స్ తొడుక్కుని, పొడవాటి అంగలతో దూసుకుపోయే ఆ పాత్రతోనే క్రిస్టినా యాందా వెండితెర జీవితం మొదలైంది.

1980లో గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె లేచింది, సాలిడారిటీ ఉద్యమం పుట్టింది. ఆ వేడి చల్లారకముందే వైదా 'మ్యాన్ ఆఫ్ ఐరన్' తీశాడు. ఉద్యమ నాయకుడు లెఖ్ వవెన్సా అందులో తానుగానే కనిపిస్తాడు. 1981 మేలో ఆ చిత్రానికి కాన్‌లో పామ్ ద్'ఓర్ దక్కింది. అదే ఏడాది డిసెంబర్ 13న పోలండ్‌లో మార్షల్ లా విధించారు.

సరిగ్గా ఆ చీకటి రోజుల్లో రిషార్ద్ బుగాయ్‌స్కీ 'ఇంటరాగేషన్' పూర్తి చేశాడు. కథ 1950ల మొదట్లో నడుస్తుంది. తోన్యా ఒక క్యాబరే గాయని. రాజకీయాలతో ఏ సంబంధమూ లేదు. ఒక రాత్రి ఆమెకు తాగించి రహస్య పోలీసులు జైల్లో పడేస్తారు. తెలిసిన ఒక మనిషి మీద తప్పుడు వాంగ్మూలానికి సంతకం పెట్టమంటారు. ఆమె పెట్టదు. కొడతారు, భయపెడతారు, బతిమాలతారు. అప్పటికీ పెట్టదు. సిద్ధాంత బలమేదీ లేని మామూలు మనిషి ఒక అబద్ధం దగ్గర ఎలా మొండికేస్తుందో యాందా ప్రాణం పెట్టి చూపించింది. అధికారులు ఈ చిత్రాన్ని నిషేధించారు. దాన్ని నిర్మించిన వైదా యూనిట్ 1983లో అతని చేయి దాటిపోయింది. వీడియో క్యాసెట్లు చాటుమాటుగా చేతులు మారాయి. కమ్యూనిస్టు పాలన కూలిన 1989లో గానీ చిత్రం బయటికి రాలేదు. మరుసటి ఏడు కాన్‌లో యాందా ఉత్తమ నటి అయింది.

బల్లకు అవతల కూర్చున్న స్త్రీ

సంతకం పెట్టని మనిషిని ఏ దేశమైనా గర్వంగా తలచుకుంటుంది. ఆ సంతకం కోసం ఒత్తిడి చేసిన మనిషిని తలచుకోవడమే కష్టం. పోలిష్ సినిమా ఆ పనికీ పూనుకుంది.

పావెల్ పావ్లికోవ్‌స్కీ వార్సాలో పుట్టి, పద్నాలుగో ఏట దేశం విడిచి బ్రిటన్‌లో స్థిరపడ్డ దర్శకుడు. 2013లో ఆయన 'ఇడా' తీశాడు. కథాకాలం 1962. సన్యాసం పుచ్చుకోబోయే ఒక అనాథ యువతికి తాను యూదురాలినని తెలుస్తుంది. తల్లిదండ్రుల సమాధి వెతుక్కుంటూ తల్లి తోడబుట్టిన వాండా అనే జడ్జితో కలిసి బయల్దేరుతుంది. వాండా స్టాలిన్ కాలంలో ప్రాసిక్యూటర్. మనుషుల్ని ఉరికంబానికి పంపింది. అంతకుముందు యుద్ధం ఆమె సొంతవాళ్లను మింగేసింది. ఆమె హంతకురాలూ, బాధితురాలూ కూడా. ఆగాతా కులేషా ఈ రెండింటినీ ఒకే ముఖంలో నిలిపింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో పావ్లికోవ్‌స్కీ హెలెనా వొలిన్‌స్కా అనే వృద్ధురాలిని ఎరుగును. ఆమె ఒకప్పటి సైనిక ప్రాసిక్యూటర్. 1953లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉరితీసిన ప్రతిఘటన యోధుడు జనరల్ ఫీల్డోర్ఫ్ నిర్బంధం విషయంలో ఆమెను తమకు అప్పగించమని పోలండ్ కోరితే బ్రిటన్ ఒప్పుకోలేదు. ఆప్యాయంగా మాట్లాడే ఆ ముసలావిడకూ ఆ గతానికీ మధ్య ఉన్న అగాధమే వాండా పాత్రకు బీజం.

2015లో 'ఇడా' ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ గెలిచింది. పోలండ్‌కు ఆ విభాగంలో అదే మొదటిది. దేశంలో మాత్రం జాతీయవాదులు మండిపడ్డారు. యూదుల హత్యల్లో పోలిష్ చేతులు కూడా ఉన్నాయని చూపించడం వాళ్లకు మింగుడుపడలేదు. 2016లో ప్రభుత్వ టీవీ ఈ చిత్రాన్ని ప్రసారం చేసేముందు దాన్ని తప్పుబట్టే వ్యాఖ్యానాన్ని కూడా చూపించింది.

'ఇడా'లో ఒక హోటల్ బ్యాండ్‌లో పాడే గాయని కాసేపు కనిపిస్తుంది. ఆమే యోవాన్నా కూలిగ్.

లొంగినా చావని గొంతు

కూలిగ్ 1982లో దక్షిణ పోలండ్ కొండల్లోని క్రినిత్సాలో పుట్టింది. పెరిగింది స్లొవేకియా సరిహద్దు దగ్గరి ముషింకా పల్లెలో. నటన కన్నా ముందు అబ్బింది పాట. పదిహేనేళ్ల ప్రాయంలోనే టీవీ పాటల పోటీలో గెలిచింది. తర్వాత క్రాకోవ్ నాటక విద్యాలయంలో చదివి 2007లో పట్టా పుచ్చుకుంది. 2011లో మవ్‌గోజాతా షుమోవ్‌స్కా తీసిన 'ఎల్'లో జూలియెట్ బినోష్‌తో కలిసి నటించింది. అదే ఏడాది పావ్లికోవ్‌స్కీ 'ది ఉమన్ ఇన్ ద ఫిఫ్త్'లోనూ కనిపించింది. 'కోల్డ్ వార్'లో జూలా పాత్రను ఆయన ఆమెను మనసులో పెట్టుకునే రాశాడు.

జూలా, విక్టర్ అన్నవి దర్శకుడి తల్లిదండ్రుల పేర్లు. కలుస్తూ విడిపోతూ, దేశాలు దాటుతూ నలభై ఏళ్లు గడిపిన ఆ ఇద్దరూ 1989లో, బెర్లిన్ గోడ కూలడానికి కాస్త ముందు కన్నుమూశారు. చిత్రం వాళ్లకే అంకితం. కథలోని కళాబృందానికి నమూనా 1948లో మొదలై నేటికీ ప్రదర్శనలిస్తున్న 'మజోవ్‌షె' బృందం. కూలిగ్ నెలల తరబడి ఆ బృందంతో సాధన చేసి, గొంతు విప్పి పాడే పల్లె బాణీనీ అడుగుల్నీ పట్టుకుంది.

రెండు హృదయాల గురించిన ఒక జానపద గీతం చిత్రమంతా ప్రయాణిస్తుంది. మొదట ఒక పల్లెపిల్ల నోట వాద్యాలేవీ లేకుండా వినిపిస్తుంది. తర్వాత రంగురంగుల దుస్తుల్లో బృందగానమవుతుంది. ఆ వేదిక మీదే కొన్నాళ్లకు పార్టీ పెద్దల ఆదేశంతో స్టాలిన్ కీర్తన మొదలవుతుంది, గాయకుల వెనక ఆయన నిలువెత్తు చిత్రపటం లేస్తుంది. పారిస్‌లో అదే జానపద గీతం జాజ్ బాణీ తొడుక్కుని, ఫ్రెంచి మాటల్లోకి మారుతుంది. ఆ మాటలు జూలాకు నచ్చవు. పాట ఎంత అందంగా వస్తుంటే ఆమె అంత దూరమవుతుంటుంది. ఒకే పాటలో ఒక మనిషి సొత్తు ముందు రాజ్యం చేతికీ, తర్వాత బజారు చేతికీ ఎలా పోయిందో కూలిగ్ గొంతు చెబుతుంది. సినిమా కథను పాటతో పాటే గుర్తుపెట్టుకునే మన ప్రేక్షకులకు ఈ చిత్రం తొందరగా దగ్గరవుతుంది.

అసలు ఘట్టం వేరే ఉంది. గడ్డి మైదానంలో విక్టర్ పక్కన పడుకుని, నీ గురించి పైవాళ్లకు చెబుతున్నానని జూలా ఒప్పుకుంటుంది. కేసు మెడ మీద ఉన్న పిల్ల ఆమె. అడిగినవాడు బృందాన్ని నడిపే అధికారి కచ్‌మారెక్. విక్టర్ లేచి వెళ్లిపోతాడు. ఆమె నీళ్లలో దూకి, వెల్లకిలా తేలుతూ పాడుతుంది. తోన్యాలాగా ఆమె ఎదురు తిరగలేదు. వాండాలాగా బల్ల అవతల కూర్చోనూ లేదు. అడిగితే ఎంతో కొంత చెప్పింది, చెప్పానని ప్రేమించినవాడి మొహం మీదే అంది. ఆ దేశంలో చాలామంది బతికిన బతుకు అదే. దాన్ని తక్కువ చేయకుండా, వెనకేసుకురాకుండా కూలిగ్ మన ముందు పెట్టింది.

నలుపు తెలుపుల్లో, దాదాపు చతురస్రం లాంటి తెర మీద, గంటన్నర లోపే పదిహేనేళ్ల కథ ముగుస్తుంది. కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. ఛాయాగ్రాహకుడు వూకాష్ జాల్‌తో సహా మూడు ఆస్కార్ నామినేషన్లు దక్కాయి. అదే ఏడాది చర్చి పెద్దల తప్పుల్ని నిలదీసిన 'క్లెర్'లోనూ కూలిగ్ నటించింది. పోలండ్‌లో 50 లక్షల మందికి పైగా ఆ చిత్రం చూశారు. 2020లో డేమియన్ షజెల్ వెబ్ సిరీస్ 'ది ఎడ్డీ'లో పారిస్ జాజ్ గాయనిగా కనిపించింది.

చట్టం ఇచ్చిన ఊపిరి

1990లలో ప్రభుత్వ నిధులు తగ్గి, థియేటర్ల నిండా హాలీవుడ్ చిత్రాలు చేరి, పోలిష్ సినిమా చిక్కిపోయింది. 2005లో వచ్చిన చట్టం పోలిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పింది. టీవీ ఛానళ్లు, థియేటర్లు, పంపిణీదారులు, కేబుల్ సంస్థలు తమ ఆదాయంలో 1.5 శాతం దానికి చెల్లించాలి. ఆ డబ్బుతో కొత్త చిత్రాలకు సాయం అందుతుంది. 'ఇడా', 'కోల్డ్ వార్' రెండింటికీ ఆ సాయం ఉంది. ఒత్తిళ్లు మాత్రం ఆగలేదు. 2023లో బెలారస్ సరిహద్దులో శరణార్థుల యాతన మీద ఆగ్నియెష్కా హోలాండ్ 'గ్రీన్ బోర్డర్' తీస్తే మంత్రులే దుమ్మెత్తిపోశారు. వెనిస్‌లో దానికి ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది.

'ఇంటరాగేషన్', 'ఇడా', 'కోల్డ్ వార్' చిత్రాల్ని ఈ వరుసలోనే చూడండి. ఎదిరించిన స్త్రీని చూపడానికి పోలిష్ సినిమాకు ధైర్యం కావాల్సి వచ్చింది. శిక్ష వేసిన స్త్రీని చూపడానికి అంతకన్నా ఎక్కువ కావాల్సి వచ్చింది. లొంగిపోయి కూడా ప్రేమను వదులుకోని స్త్రీని చూపడానికి ధైర్యంతో పాటు దయ కూడా అవసరమైంది. యాందా, కులేషా, కూలిగ్ గొప్ప నటీమణులు, సందేహం లేదు. వాళ్ల ప్రతిభకు సరితూగే పాత్రలు రాసే చేతులు, ఆ చేతులకు అండగా నిలిచే బడులూ చట్టాలూ ఆ దేశంలో ఉన్నాయి. తన నటీమణులు ఎదగాలని కోరుకునే ఏ సినిమా పరిశ్రమైనా ముందు సమకూర్చుకోవాల్సినవి అవే.