చెవి గీసిన గీటు

విమానము నేలను విడిచి ఆకసమునకు లేచిన కొలది క్షణములకే, అంతవరకు గర్జించుచుండిన ఇంజన్ల ధ్వని ఉన్నట్టుండి తగ్గి, దేహము తేలికపడి, క్రిందికి జారిపోవుచున్నామేమో యను శంకతో కుర్చీ చేతులను గట్టిగా పట్టుకొనుట మనలో పలువురికి అనుభవమే. అది జారుట కాదు. పైలట్ ఇంజన్ల బలమును బుద్ధిపూర్వకముగా తగ్గించుచున్నాడు. ఇంజన్ల మన్నికకై అంతటను చేయు ఈ పని, జనావాసముల నడుమనున్న విమానాశ్రయములయందు మరియొక ధర్మమునకు కూడ లోబడియుండును: క్రింది ఇండ్లలోనివారి నిద్ర చెడరాదు. ఈ ధర్మమునకు అంకెలతో గీటు గీచిన తొలి విమానాశ్రయములలో న్యూయార్కు నగరపు ఐడిల్‌వైల్డ్, అనగా నేటి కెన్నెడీ విమానాశ్రయము, ముఖ్యమైనది.

1950వ దశకము చివర బోయింగ్ 707 రాకకు సన్నాహములు జరుగుచుండగా, డెసిబెల్ లెక్కలు చూచినచో జెట్టు రొద ప్రొపెల్లరు విమానపు రొదను మించదని తయారీదారులు వాదించిరి. విమానాశ్రయమును నిర్వహించు పోర్ట్ అథారిటీ ఆ మాటను ఊరక నమ్మక, ధ్వనిశాస్త్రజ్ఞుడైన లియో బెరానెక్ సంస్థ నాశ్రయించెను. అందలి కార్ల్ క్రైటర్ రెండు విధముల విమానముల ధ్వనులను సామాన్యులకు వినిపించి, ఏది ఎంత బాధించుచున్నదో వారినే అడిగెను. యంత్రము రెండును సమానమన్నచోట చెవి ఒప్పుకొనలేదు. కీచుమను హెచ్చు స్వరములు నిండిన జెట్టు ధ్వనియే దుస్సహమని శ్రోతలు తేల్చిరి. ఆ తీర్పునుండియే పీఎన్‌డీబీ యను క్రొత్త కొలత పుట్టెను. బయలుదేరు విమానము 112 పీఎన్‌డీబీలను దాటరాదను నియమము వెలసెను.

1958 అక్టోబరు 26న పాన్ అమెరికన్ వారి 707 న్యూయార్కునుండి పారిసునకు బయలుదేరునాటికి, దాని ఇంజన్ల తుదను ధ్వనిని తగ్గించు గొట్టములు అమరియుండెను. అయినను గొట్టములు మాత్రమే చాలలేదు. ఏ రన్‌వేనుండి లేవవలెను, ఎంత బరువుతో లేవవలెను, ఎచ్చట తిరుగవలెను, ఎప్పుడు బలము తగ్గింపవలెను అను లెక్కలన్నియు పైలట్ల విద్యలో భాగమయ్యెను.

ఆ విద్య కిపుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రెండు పద్ధతులను ఏర్పరచినది. 800 అడుగులకు దిగువ బలము తగ్గింపరాదనుట రెంటికిని సామాన్యము. మొదటి పద్ధతిలో రెక్కల ఫ్లాపులను ముడువక, వేగమును పెంచక, 3,000 అడుగులవరకు నిటారుగా ఎక్కుదురు. ఇందువలన విమానాశ్రయము చెంతనున్నవారికి ఊరట. రెండవదానిలో ముందుగనే ఫ్లాపులు ముడుచుచు వేగము నందుకొందురు; మేలు దూరపు ఊళ్లది. ఒక పేటకు దక్కిన నిశ్శబ్దమునకు మరియొక పేట మూల్యము చెల్లింపవలసివచ్చును గనుక, ఎచ్చట ఏది తగునో నిర్ణయించుట సులభము కాదు. ప్రాణభద్రతకు భంగమగునెడల పైలట్ ఈ నియమముల నన్నిటిని ప్రక్కకు పెట్టవచ్చును. ఆ స్వాతంత్ర్యము ఎల్లప్పుడు ఆతనిదే.

ఈ విద్యకు అసలైన పరీక్ష కాంకార్డుతో వచ్చెను. బ్రిటను, ఫ్రాన్సు దేశములు తమ కీర్తిపతాకముగా భావించిన ఆ ధ్వన్యతీతవేగ విమానమును 1976 మార్చిలో పోర్ట్ అథారిటీ నిషేధించెను. వ్యాజ్యము సుప్రీముకోర్టుదాక పోయి, 1977 అక్టోబరు 17న కాంకార్డునకు త్రోవ తెరచుకొనెను. 19న అది కెన్నెడీలో దిగెను, 20న లేవవలెను.

అచ్చటి 31 ఎడమ రన్‌వే వాయవ్యముగా, ఇండ్లు క్రిక్కిరిసిన పేటల వైపునకు చూచుచుండును. ఎడమప్రక్క జమైకా అఖాతము. పొగగొట్టములోనే మరల ఇంధనమును మండించు రీహీటుతో భీకరముగా లేచు కాంకార్డు, నూరడుగులు ఎక్కీయెక్కకమునుపే ఇరువదియైదు డిగ్రీలు ఒరిగి నీటివైపునకు మరలెడిది. సహపైలట్ స్టాప్‌వాచీపై చూపు నిలిపి, “మూడు, రెండు, ఒకటి, నాయిజ్” అనగానే ఫ్లైట్ ఇంజనీరు రీహీటును ఆపి బలమును తగ్గించెడివాడు. క్రింద మైక్రోఫోనులు కాచుకొనియుండెడివి. ఆనాడు అవి 112ను దాటిన అంకెను చూపలేదు. నవంబరు 22న ప్రయాణికుల రాకపోకలు ఆరంభమయ్యెను.

జెట్టు యుగపు తొలినాళ్లలో పేరులేని శ్రోతలు తమ చెవులతో తేల్చిన తీర్పే పందొమ్మిదేండ్ల పిదప ఇరు దేశముల అభిమాన విమానమునకును గీటయ్యెను. గీటు జరుగలేదు, దానికి లోబడి ఎగురుటను పైలట్ల చేతులే నేర్చుకొనెను. పైన మన గుండె జల్లుమన్న ఆ క్షణమున, క్రింద ఏ ఇంటనో కిటికీ అద్దము కొంచెము తక్కువగా అదరుచున్నది.