ఫొటో నేర్చిన దారులు: దీన్ దయాళ్ నుంచి కృష్ణానగర్ దాకా

కృష్ణానగర్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. ఒకటి 'టులెట్', రెండోది 'పోర్ట్‌ఫోలియో తీయబడును'. రెండూ సినిమాల కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకే. నేనా పేటలో ఉన్న రోజుల్లో మా మెట్ల కిందే అలాంటి స్టూడియో ఒకటి ఉండేది. వచ్చే పోయే కాబోయే హీరోల కన్నా, కెమెరా పట్టుకున్నాయన కన్నా, పక్కన తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకుని నిలబడే కుర్రాడినే నేను ఎక్కువగా చూసేవాణ్ణి. 'కొంచెం లోపలికి, ఇంకొంచెం కిందికి, ఆఁ, ఆగు' అన్న మాటలు వాడు రోజుకి ఎన్నిసార్లు వినేవాడో లెక్కలేదు. షీటు ఓ జానెడు కదిలితే ఎదుటి మనిషి కళ్ల కింద నీడ ఎలా పలచబడుతుందో వాడికి పుస్తకం చెప్పలేదు, చెయ్యే చెప్పింది. ఫొటోగ్రఫీ ఎలా నేర్చుకోవాలి, ఏ కెమెరా కొనాలి అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది వాడే. ఈ నగరంలో ఆ విద్య చరిత్రంతా ఇలా పక్కన నిలబడ్డవాళ్ల చరిత్రేనని నా నమ్మకం. కాకపోతే పేర్లు మిగిలింది కెమెరా వెనక ఉన్నవాళ్లవి మాత్రమే.

అలా మిగిలిన పేర్లలో అన్నిటికన్నా పెద్దది రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. కెమెరా పట్టుకున్నది ఆ తర్వాత, 1870లలో, ముప్ఫయ్యో పడిలో పడుతున్నప్పుడు. అంటే కాలేజీలో ఆయన నేర్చుకున్నది ఫొటో కాదు, గీత. భవనాన్ని కాగితం మీద పెట్టాలంటే ఎక్కడ నిలబడాలో, ఏ గోడ నిటారుగా రావాలో, మెట్ల వరస చూపుని ఎటు తీసుకుపోతుందో సర్వే చేసేవాడికి అలవాటే. ఆయన తీసిన కోటలూ గుళ్లూ చూడండి, స్తంభాలు ఎక్కడా ఒరగవు. 1880ల మొదట్లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతమంతా తిరిగి ఆ కట్టడాలను తీశాడు. నా దృష్టిలో ఆయన అసలు బడి ఆ ప్రయాణమే. 1885లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు.

ఆయన ఈ పనిలోకి దిగేనాటికి వాడుకలో ఉన్నది తడిపలక పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ సమంగా పోసి, చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, ఆరకముందే మళ్లీ చీకట్లోకి తెచ్చి కడగాలి. అంతా కలిపి పావుగంటకి మించకూడదు. మన ఎండల్లో అంత సమయం కూడా దొరకదు. కొండ మీది గుడి తియ్యాలంటే చీకటి గుడారం, నీళ్ల కుండలు, రసాయనాల సీసాలు, గాజు పలకల పెట్టెలు అన్నీ కొండెక్కాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా ఇది? ఎండుపలకలు బజారులోకి వచ్చి 1880ల నాటికి ఈ హడావుడి తగ్గింది కానీ మనుషుల అవసరం తగ్గలేదు. స్టూడియోలో కడిగేవాడు వేరు, ప్రింటు వేసేవాడు వేరు, నెగటివ్ మీద పెన్సిలుతో మొహం మచ్చలు దిద్దేవాడు వేరు. అన్నిటి కిందా పడే ముద్ర మాత్రం ఒక్కటే. ఆయన కొడుకులు ఆ పనిలోకి వచ్చారని మనకు తెలుసు. పలకలు మోసినవాళ్లలో ఎంతమంది తర్వాత సొంత స్టూడియో పెట్టుకున్నారో చెప్పే కాగితం నేనెక్కడా చూడలేదు.

1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో విడిగా తెరిచారు. నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. ఆడవాళ్లు ఆడవాళ్లను ఫొటో తీసే చోటు ఆ రోజుల్లో ఎంత అరుదో ఊహించుకోవచ్చు. పేరు సంగతికొస్తే, మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా (1913-2012) కూడా పని నేర్చుకున్నది తర్వాత తనకు భర్త అయిన మానెక్‌షా దగ్గర. మొదట్లో ఆమె ఫొటోలు ఆయన పేరుతోనే అచ్చయ్యాయి.

నేర్చుకునేవాడికి ఆ పాత స్టూడియోల్లో కెమెరా కన్నా పనికొచ్చేది కప్పు. కరెంటు దీపాలు లేని కాలం కదా, పైనా పక్కనా అద్దాలు పెట్టి, వీలైతే ఉత్తరం వైపు వెలుతురు వచ్చేలా గది కట్టేవారు. ఉత్తరం వెలుతురు ఎందుకంటే సూరుడు నేరుగా పడడు, పొద్దుటికీ సాయంత్రానికీ నీడ పెద్దగా మారదు. అద్దాల కింద తెరలు. ఒక తెర లాగితే చెంప మీద నీడ, వదిలితే మొహమంతా వెలుతురు. షూటింగులో నటుడి తలమీద స్కిమ్మర్ గుడ్డ కట్టడం, థర్మాకోల్‌తో వెలుతురు తిప్పికొట్టడం ఆ తెరల పనే. ఇంట్లో నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఒక కిటికీ, ఒక తెల్ల దుప్పటి, ఓపికగా కూర్చునే మనిషి చాలు. నెలపాటు అదే కిటికీ, అదే మనిషి. విసుగే, కాదనను.

ఇక కృష్ణానగర్ కథ. అమీర్‌పేట వైపు సారథి స్టూడియోలో తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి' (1959) పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు సినిమా అంటారు. 1976కల్లా అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. మద్రాసు నుంచి పరిశ్రమ కొంచెం కొంచెంగా తరలింది. రెండు స్టూడియోలకీ నడిచి వెళ్లగలిగే దూరంలో తక్కువ అద్దెకి గదులు దొరికే చోటు కావడంతో లైట్‌మన్లూ జూనియర్ ఆర్టిస్టులూ ఇక్కడ చేరారు. వాళ్లతోపాటే స్టిల్ ఫొటోగ్రాఫర్లూ, వాళ్ల అసిస్టెంట్లూ.

సెట్‌లో స్టిల్ ఫొటోగ్రాఫర్‌ది విచిత్రమైన చదువు. లైటు తనది కాదు, కెమెరామన్ గంటసేపు కష్టపడి పెట్టుకున్నది. షాట్ ఓకే అయ్యాక 'స్టిల్' అని అరిస్తే నటులు మళ్లీ అదే భంగిమలో నిలబడేది కొన్ని క్షణాలు. ఒకప్పుడు ఆ క్షణాల్లోనే థియేటరు అద్దాల పెట్టెలో పెట్టే ఫొటో కార్డు రావాల్సి ఉండేది. వాచీ ఏ చేతికుంది, బొట్టు ఎంతుంది, జుట్టు ఎంత తడిసింది అన్న కంటిన్యూటీ లెక్కలకీ అప్పట్లో అతని ఫొటోలే ఆధారం. అందుకే పాత స్టిల్ ఫొటోగ్రాఫర్లతో మాట్లాడితే కెమెరాల గురించి తక్కువ, కెమెరామన్ల గురించి ఎక్కువ చెబుతారు. 'మాయాబజార్' (1957) వెన్నెల మార్కస్ బార్‌ట్లేది అని ఒకరు మొదలెడితే రాత్రి పదింటిదాకా తెమలదు. ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1925లో లైకా కెమెరాతో జనంలోకి వచ్చిన 35 ఎం.ఎం. ఫొటో రీలు అసలు సినిమా ఫిల్మే. సినిమా నెగటివ్ చివర మిగిలిన ముక్కల్ని చీకట్లో డబ్బీలోకి చుట్టుకుని ఫొటోలకి వాడుకున్నవాళ్లున్నారు.

ఎందుకంటే ఫిల్ము ఖరీదు. 120 రీలులో చదరం ఫొటోలైతే 12, 35 ఎం.ఎం. రీలులో 36. ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టాక కూడా, అసిస్టెంటు చేతికి రీలు ఊరికే ఇచ్చేవాళ్లు కాదు. లైట్ మీటర్ కొనే స్తోమత లేనివాళ్లకి ఒక ఎండ లెక్క ఉండేది. మిట్ట ఎండలో అపర్చర్ 16 పెట్టుకో, ఫిల్ము వేగం 100 అయితే షట్టర్ 125లో ఒక వంతు, మబ్బు పట్టే కొద్దీ అపర్చర్ తెరుచుకుంటూ పో. ఫోను కెమెరాలో కూడా మాన్యువల్ మోడ్ పెట్టి వారం రోజులు ఈ లెక్కతో తిరిగితే వెలుతురు ఎంతుందో కళ్లతో కొలవడం వస్తుంది. పరీక్షించి చూడొచ్చు.

గురువు దగ్గర కాక సంస్థలో నేర్చుకునే దారి 1960లో పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌తో తెరుచుకుంది. అక్కడ 1969లో బయటికొచ్చిన బాలు మహేంద్రే 'శంకరాభరణం' (1980) ఛాయాగ్రాహకుడు. మన ఊళ్లో మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఫొటోగ్రఫీకి డిగ్రీయే ఉంది. ఇవన్నీ మంచివే. కానీ సీట్లు తక్కువ, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి సమయం అసలే తక్కువ. వాళ్లకి ఇప్పుడు యూట్యూబే గురువు. ఎక్స్‌పోజర్ అంటే ఏమిటో తెలుగులో చక్కగా చెప్పేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు, నేనూ చూస్తాను. అయితే యూట్యూబు మన ఫొటో చూడదు. పాతకాలంలో 36 బొమ్మలూ ఒకే కాగితం మీద చిన్నచిన్నగా వేసిన కాంటాక్ట్ షీటు ఉస్తాద్ ముందు పెడితే, ఆయన ఎర్ర పెన్సిలుతో 35 కొట్టేసి ఒకటి మిగిల్చేవాడు. ఎందుకు కొట్టేశాడో చెప్పేవాడు కూడా కాదు కొన్నిసార్లు. ఆ 35 ఇంటికి తీసుకెళ్లి ఎందుకు పనికిరావో తెల్లారేదాకా ఆలోచించడమే చదువు. రోజుకి 500 తీసే రోజుల్లో ఆ పెన్సిలు ఎవరి చేతిలో ఉంది? లైకులు కొట్టేవాళ్లు ఏదీ కొట్టెయ్యరు. వారానికి 12 ఫొటోలు ప్రింటు వేయించి, మొహమాటం లేని ఒక్క మనిషికి చూపిస్తే సగం కోర్సు ఫీజు మిగులుతుంది. ఆ మనిషి దొరకడమే కష్టం. ఇది పోర్ట్‌ఫోలియోకి రెండు నెలల అద్దె తగలేసే కుర్రాడికీ సంబంధించిన విషయమే, ఎందుకంటే ఆఫీసుల్లో వాడి తరఫున మాట్లాడేది ఆ ఫొటో ఒక్కటే.

దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి, 1989లో సేకరించారు. ఆయన ఫొటోల పుస్తకాలున్నాయి, నెట్‌లోనూ బొమ్మలు దొరుకుతాయి. ఏదైనా ఒక పోర్ట్రెయిట్ తీసుకుని ముక్కు కింద నీడ ఎటు పడిందో చూడండి, ఏ తెర లాగారో తెలుస్తుంది. తర్వాత ఏదైనా సినిమాలో ఒక క్లోజప్ దగ్గర ఆపి కంటిపాపలో తెల్లచుక్క చూడండి. నలుచదరంగా ఉంటే గుడ్డో షీటో అడ్డం పెట్టారన్నమాట. ఈమధ్య రీల్స్‌లో అది గుండ్రంగా, గాజులా కనిపిస్తుంది. అది రింగ్ లైటు. దాన్ని పట్టుకుని ఎవరూ నిలబడక్కర్లేదు, దానికి స్టాండు ఉంటుంది.