మేనరికము నుండి జన్యుపరీక్ష వరకు

ఆదోని పత్తి వ్యాపారి ఇంట గాని, ఎమ్మిగనూరు మగ్గములవారి ఇంట గాని పెండ్లిమాట వచ్చినప్పుడు మొదట చూచునది మేనమామ వైపే. అక్క కూతురిని చేసికొనుట, మేనత్త కొడుకునకు పిల్లనిచ్చుట ఇచ్చట వింత గాదు. పొలిమేర దాటి కన్నడ సీమకు పోయినను ఇదే ఆచారము. ఆస్తి చెదరదు, పిల్ల కండ్ల యెదుటనే యుండును అని పెద్దల మాట. వంశపారంపర్యమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థిని లేచి, "మా అమ్మానాయనది మేనరికమే సార్, నేను బాగానే ఉండాను కదా?" అని అడిగినది. ఈ ప్రశ్న వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర గలదు.

గాలి తగిలిన పిమ్మట మూత్రము నల్లబడు వ్యాధి యొకటి కలదు. అది మిక్కిలి అరుదు. 1902లో ఇంగ్లండు వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ ఈ రోగుల తల్లిదండ్రులలో పలువురు దగ్గరి చుట్టములని గమనించెను. కారణము సులభముగానే బోధపడును. మనలో దాదాపు ప్రతి జన్యువునకు రెండు ప్రతులుండును. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. ఒకటి చెడినను రెండవది పని నడుపును. రెండును చెడినప్పుడే ఇట్టి వ్యాధి బయటపడును. భార్యాభర్తలకు తాత యొక్కడే యైనచో, ఆయనలోని చెడ్డ ప్రతియే ఇరువైపుల నుండి బిడ్డను చేరవచ్చును. ఏ జన్యువునకైనను ఇట్లు ఒకే పూర్వికుని ప్రతి జంటగా చేరు అవకాశము మేనత్త, మేనమామ బిడ్డల వివాహమున 16లో 1 వంతు. మేనమామ, మేనకోడలి వివాహమున 8లో 1 వంతు.

1957లో సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ ఇంగ్లండు విడిచి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చెను. ఆయన శిష్యుడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహములను, వాని ఫలితములను గూర్చి 1963లో వ్యాసము ప్రకటించెను. తరతరముల మేనరికము వలన చెడ్డ జన్యువులు కొంత వడపోతకు గురియై యుండవచ్చునని మరికొందరు వాదించిరి.

ఇంతవరకు తప్పంతయు మేనరికముదే అనిపించును. కథ మలుపు తిరిగినది శస్త్రచికిత్స గదిలో.

మత్తు ఇచ్చునప్పుడు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలీన్ అను మందును వాడుదురు. రక్తములోని ఒక ఎంజైము దానిని కొద్ది నిమిషములలో విరిచివేయును. ఆ ఎంజైము లోపించిన వారికి గంటల కొలది ఊపిరి తిరిగి రాదు. అంతవరకు యంత్రముతో శ్వాస నడిపింపవలెను. తక్కిన జీవితమున ఈ లోపము వలన బాధ యేమియు నుండదు. ఇది ఆర్యవైశ్యులలో ఇతరులకన్న సుమారు నూరు రెట్లు అధికము. 2006లో దీనికి మూలమైన జన్యుదోషమును గూర్చి పరిశోధకులు ప్రకటించిరి. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ మొదలగువారు 275కు పైగా దక్షిణాసియా సముదాయములను పరిశీలించి, వానిలో అనేకము బహుకొద్దిమంది పూర్వికుల నుండి విస్తరించినవని చూపిరి. వైశ్యులు వానిలో ఒకరు మాత్రమే. అనగా, ఏ చుట్టరికమును లేదని నిశ్చయించుకొని ఆదోని పిల్లను గుంటూరు వరునికిచ్చినను, కులము లోపలనే యిచ్చినంత కాలము ఇరువురి మూలపురుషులు ఆ కొద్దిమందే!

మత్తు వైద్యుడు "మీరు వైశ్యులా?" అని అడుగుట అవమానము గాదు. మందు మార్చిన సరిపోవును. కాని జన్యుపరీక్ష కాగితము పెండ్లిచూపులకు వచ్చినచో? ఒక్క చెడ్డ ప్రతి మాత్రమే గలవారు రోగులు కారు, వాహకులు. ఇరువురును వాహకులైనప్పుడు ప్రతి కాన్పునను బిడ్డకు నాల్గింట ఒక వంతు ప్రమాదము. ఈ లెక్క ఇరువురిదియు. అయినను కుజదోషము వలెనే ఇదియు ఆడపిల్ల నెత్తిననే పడునని నా భయము.

న్యూయార్కు యూదులు దీనికొక ఉపాయము పన్నిరి. వారిలో టే-శాక్స్ అను ప్రాణాంతక శిశువ్యాధి అధికము. 1983లో స్థాపితమైన దోర్ యెషోరిమ్ అను సంస్థ యువతీయువకులను పరీక్షించి, ఒక్కొక్కరికి ఒక అంకె మాత్రమే ఇచ్చును. సంబంధము కుదురుబోవునప్పుడు రెండంకెలు చెప్పినచో, ఈ జోడు తగునో తగదో తెలుపుదురు. ఎవరికిని ముద్ర పడదు. అయితే తన దేహ రహస్యము తనకే తెలియకపోవుట ఎంతవరకు న్యాయము?

పరీక్ష ఒక పనికై పుట్టి మరొక పనికి పోవుట మన దేశమునకు క్రొత్త గాదు. ఉమ్మనీటి పరీక్ష శిశువు వ్యాధులను కనుగొనుటకు వచ్చినది; 1970ల నుండి ఆడశిశువులను ఏరివేయుటకు వినియోగపడినది. 1994లో దీనిని నిషేధించుచు చట్టము చేయవలసి వచ్చెను. గర్భధారణకు ముందే, ప్రయోగశాలలోనే లింగమును ఎన్నుకొను పద్ధతులను 2003 నుండి అమలైన సవరణ ఆ నిషేధములో చేర్చినది.

ఆ విద్యార్థినితో, మేనరికపు బిడ్డలలో అధికసంఖ్యాకులు ఆరోగ్యవంతులే యని చెప్పితిని. ఆమె కూర్చుండలేదు. అక్కను మేనమామకు ఇచ్చుటకు ఇంట మాటలు నడుచుచున్నవట. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగమున్నదని, అచ్చట సలహా తీసికొనవచ్చునని చెప్పి, పరీక్ష యేదైనను చేసినచో ఫలితమును మొదట అక్కకే తెలుపుమని అడుగవలెనంటిని. "మా నాయన ఒప్పుకోడు సార్" అన్నది.